మన ఊళ్ళో కాదుగా అనుకుంటే...

శ్రావణమాసానికి ముందు ఇల్లు దులుపుకోవడం మనందరికీ తప్పని పనేగా! మొన్న నేనూ వంటింటి అరలన్నీ ఖాళీ చేసి, డబ్బాలు కడిగి బోర్లించి, పాత పేపర్లు తీసేసి కొత్తవి పరుస్తున్నాను. సాయం చేస్తానంటూ పక్కింటి వదిన వచ్చింది. సాయమంటే ఏముంది, చేతిలో చాయ్ గ్లాసు, నోటి నిండా కబుర్లు!

పరచబోతున్న పేపరులో ఒక మూల చిన్న ప్రకటన కనిపించింది. చీమల బారులాంటి అక్షరాలు. పైన 'పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ' అని ఉంది. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీ పెడతారట, అభ్యంతరాలుంటే ఫలానా తేదీన ఫలానా చోటికి వచ్చి చెప్పుకోవచ్చట. ఆ తేదీ దాటిపోయి చాలా రోజులైంది. చదివి వదినకి వినిపించాను.

"మన మోత్కూరుది కాదు గద! మనకెందుకు? పరిచెయ్యి" అంది.

పరిచేశాను. పైన కందిపప్పు డబ్బా కూడా పెట్టేశాను. కానీ ఆ మాట మాత్రం సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. 'మన ఊరిది కాదు గద' అని మనం ఎన్నిసార్లు అనుకుంటాం! అలా అనుకోని ఆడవాళ్ళ సంగతి ఈ వారం మీతో చెప్పాలనిపించింది. ముందు చాలా దూరం తీసుకెళ్తాను, తర్వాత మన నల్లగొండకే తీసుకొస్తాను. విసుక్కోకుండా రండి.

అమెరికాలో సియాటిల్ అని ఒక ఊరుంది. కంప్యూటరు ఉద్యోగాల కోసం మన తెలుగు పిల్లలు ఎంతోమంది వెళ్ళి ఉంటున్న ఊరే. మీ బంధువుల్లోనూ ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరికి పెద్ద ఓడరేవు ఉంది. 2015లో ఆ రేవులో ఐదో టెర్మినల్ అనే భాగాన్ని ఒక ఓడల కంపెనీకి అద్దెకిచ్చారు. రెండేళ్ళకి అద్దె దాదాపు కోటీ ముప్పై లక్షల డాలర్లు. ఆ కంపెనీ దాన్ని షెల్ అనే చమురు కంపెనీ కోసం తీసుకుంది. ఉత్తర ధ్రువం దగ్గర అలాస్కా పక్కన చుక్చీ సముద్రమని ఒకటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పేసి ఉంటుంది. అక్కడ సముద్రం అడుగున బావి తవ్వి చమురు తియ్యాలని షెల్ ఆలోచన. తవ్వే యంత్రాలూ, ఓడలూ నిలపడానికీ, మరమ్మతులకీ, సామాన్లు ఎక్కించుకోవడానికీ ఒక చోటు కావాలి కదా. ఆ చోటు సియాటిల్ రేవు.

తవ్వేది సియాటిల్‌లో కాదు, అక్కడికి వేల మైళ్ళ దూరంలో. చమురు ఒలికినా వీళ్ళ ఇంటి ముందు ఒలకదు. పైగా రేవుకి అద్దె వస్తుంది, ఊళ్ళో కొన్ని వందల మందికి పని దొరుకుతుంది. మా వదిన అక్కడ ఉంటే "మన ఊరిది కాదు గద" అనేదే!

కానీ ఆ ఊరివాళ్ళు అలా అనుకోలేదు. 2015 మే నెలలో 'పోలార్ పయనీర్' అనే పెద్ద ఇనుప కట్టడం, అంటే సముద్రంలో బావి తవ్వే వేదిక, రేవులోకి వచ్చింది. రెండు రోజులకే వందలమంది చిన్న చిన్న కయాక్ పడవల్లో తెడ్లు వేసుకుంటూ వెళ్ళి దాని ముందు నిలబడ్డారు. ఏనుగు ముందు చీమల గుంపులా ఉండి ఉంటుంది! ఆ తర్వాత జూన్‌లో కొందరు బామ్మలు రేవులోకి వెళ్ళే దారిలో ఊగే కుర్చీలు వేసుకుని, గొలుసులతో తమని తాము కట్టేసుకుని కూర్చున్నారు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. మనవల్ని ఆడించుకోవలసిన వయసులో ఆ తల్లులకి ఇదేం పని అంటారా? మనవల కోసమే కూర్చున్నామని వాళ్ళ జవాబు.

ఇక్కడ నాకు మన దగ్గరి పాత సంగతి ఒకటి గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా పోరాటం మీలో నడివయసు దాటినవాళ్ళకి బాగా తెలుసు. జిల్లాలు దాటి పాకి, సారా పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. చివరికి 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి, "అమ్మా, మీ అరుగు సారా దుకాణానికి అద్దెకివ్వండి. సారా కాచేది మీరు కాదు, మీ ఇంటాయన తాగడు, నెల నెలా అద్దె మాత్రం మీ చేతికొస్తుంది" అంటే మీరు ఇచ్చేవారా? ఇవ్వరు. మన అరుగు మీద కొన్న సారా ఎవరి కాపురంలో చిచ్చు పెడుతుందో మనకి తెలుసు. తప్పు చేసేది మనం కాకపోయినా, చోటిచ్చింది మనమే అవుతాం.

సియాటిల్ బామ్మల మాటా అదే. అరుగు మాది, ఇవ్వం అని.

ఎదురు మాటలూ లేకపోలేదు. "మీరు కార్లలో తిరగడం లేదా? మీ పడవలే చమురుతో చేసిన ప్లాస్టిక్‌వి కదా?" అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. రేవులో పని దొరుకుతుందని ఆశపడ్డ కూలీలున్నారు. వాళ్ళదీ న్యాయమే, వాళ్ళ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. ఇంత గొడవ జరిగినా ఓడలు ఆగలేదు. ఆ వేసవిలోనే వెళ్ళి బావి తవ్వాయి. అయితే 2015 సెప్టెంబరు 28న షెల్ ఒక ప్రకటన చేసింది. ఆ బావిలో అనుకున్నంత చమురు, గ్యాసు దొరకలేదని, ఖర్చు విపరీతమని, అనుమతుల నియమాలు ఎప్పుడెలా ఉంటాయో చెప్పలేని పరిస్థితి అని, అలాస్కా సముద్రంలో అన్వేషణ మానుకుంటున్నామని చెప్పింది. అప్పటికి దాని మీద పెట్టిన ఖర్చు ఏడు వందల కోట్ల డాలర్లు!

కాబట్టి బామ్మల వల్లే ఆగిపోయిందని నేను మీకు కథ చెప్పను. చమురు పుష్కలంగా పడి ఉంటే కంపెనీ ఏం చేసేదో! కానీ ఒకటి మాత్రం జరిగింది. ఎవరూ పట్టించుకోని ఒక అద్దె కాగితం గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది.

సరే, ఇక మన జిల్లాకి వద్దాం.

మోత్కూరు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది కానీ, మనలో చాలామంది నోట ఇంకా నల్లగొండ అనే వస్తుంది. నల్లగొండ అంటే ఫ్లోరైడు నీళ్ళు అని లోకమంతా చెప్పుకున్న రోజులు మనం మర్చిపోలేదు. గారపట్టిన పళ్ళు, వంగిన నడుములు, చిన్న వయసులోనే కర్ర పట్టుకున్న పిల్లలు. మా చిన్నత్తమ్మ పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని నవ్వేదట, పళ్ళు కనపడతాయని. ఇలాంటి జిల్లాకి కృష్ణ నీళ్ళు రావడమంటే దేవుడు దిగి వచ్చినట్టే. నాగార్జునసాగర్ నుంచి పంపు చేసిన నీళ్ళని పెద్ద అడిశర్లపల్లి మండలం అక్కంపల్లి రిజర్వాయరులో నిలవ చేసి, అక్కణ్ణుంచి ఫ్లోరైడు ఊళ్ళకి తాగడానికి ఇచ్చారు. 2004 నుంచి హైదరాబాదుకి వెళ్ళే కృష్ణ నీళ్ళూ అక్కంపల్లి మీదుగానే వెళ్తున్నాయి.

సరిగ్గా ఆ చుట్టుపక్కలే యురేనియం ఉందన్నారు! సాగర్ జలాశయానికి దగ్గర్లోనే లంబాపూర్, పెద్దగట్టు అని ఊళ్ళున్నాయి. అక్కడ తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ముందుకొచ్చింది. తవ్విన రాయిని శుద్ధి చేసే ఫ్యాక్టరీ మొదట మల్లాపురం దగ్గర అనుకున్నారు. అది అక్కంపల్లికి మరీ దగ్గర కావడంతో అభ్యంతరాలు వచ్చాయి. తర్వాత దేవరకొండ వైపు శేరిపల్లి అన్నారు. 2003 ఆగస్టులో ఒకసారి, శేరిపల్లి ఫ్యాక్టరీ కోసం 2005 మార్చిలో ఇంకోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. రెండుసార్లూ జనం గట్టిగా వద్దన్నారు. తండాల నుంచి, పల్లెల నుంచి ఆడవాళ్ళు కూడా వచ్చారు.

ఎందుకంత భయం? యురేనియం అన్న మాట వినగానే బాంబు గుర్తొస్తుంది మనకి. కానీ అసలు చిక్కు మిగిలే పొట్టుతో ఉంది. వంటింటి భాషలో చెప్తాను. చింతపండు నానబెట్టి పులుసు పిండాక పిప్పి మిగులుతుంది కదా. రసం కన్నా పిప్పి తక్కువే, పారేస్తే సరి. యురేనియం సంగతి దీనికి తలకిందులు. టన్ను రాయిని మెత్తగా పిండి చేసి, ఆమ్లంతోనో క్షారంతోనో కడిగితే చేతికి వచ్చేది కిలోకి అటూ ఇటూ, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. మిగిలినదంతా పిప్పే! ఆ పిప్పిలో రేడియం లాంటి పదార్థాలు ఉండిపోతాయి. వాటి ప్రభావం మనవలు, మునిమనవల కాలంతో పోయేది కాదు, వేల ఏళ్ళు ఉంటుంది. ఆ బురదనంతా ఒక చెరువులా కట్టి జాగ్రత్తగా కాపాడాలి. కింద నుంచి ఊరకుండా, వానకి పొంగకుండా, ఎండకి దుమ్ము లేవకుండా చూడాలి. ఎన్నేళ్ళు చూడాలో మీరే లెక్క వేసుకోండి.

యురేనియం కడ్డీలై ఎక్కడో అణు విద్యుత్తు కేంద్రానికి వెళ్తుంది. పిప్పి మాత్రం మన దగ్గరే ఉంటుంది, సాగర్ నీళ్ళకి ఎగువన. సియాటిల్‌లో ప్రమాదం దూరంగా ఉంది, లాభం ఇంటి దగ్గర ఉంది. ఇక్కడ లాభం దూరం పోతుంది, ప్రమాదం మన గుమ్మంలో ఉంటుంది. తేడా గమనించారా?

లంబాపూర్‌లో పని సాగక సంస్థ కడప జిల్లా తుమ్మలపల్లె మీద దృష్టి పెట్టింది. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన అయ్యాయి. అక్కడ గని నడుస్తోంది. అయితే తమ బోర్లలో నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు కొన్నేళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. సంస్థ మాత్రం మా వల్ల కాదంటోంది. లంబాపూర్, పెద్దగట్టులో ఇరవై ఏళ్ళు దాటినా గని మొదలు కాలేదు.

అంతటితో అయిపోలేదు. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అంటే నల్లమలలో, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో, వేల బోర్లు వేసి చూస్తారన్నమాట. ఈసారి 'నల్లమలని కాపాడండి' అన్న కేక చాలా దూరం వినిపించింది. చెంచు పెంటల్లో, అమ్రాబాద్, మన్ననూరు ఊళ్ళల్లో మొదలై హైదరాబాదు కాలేజీల దాకా, సినిమా తారల దాకా వెళ్ళింది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

చెంచుల ఇంట్లో కరెంటు బిల్లు ఎంత వస్తుంది చెప్పండి? మనం రాత్రంతా ఏసీ వేసుకుంటే వాళ్ళ అడవిలో బోరు వేస్తామంటున్నారు. ఇది నన్ను నేను అడుగుతున్న ప్రశ్న కూడా. కరెంటు వద్దని నేననను. మిక్సీ ఆగితే పచ్చడి ఆగే ఇల్లు మాది. పిల్లలకి ఉద్యోగాలూ కావాలి. మా వదిన తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదివి మూడేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. ఫ్యాక్టరీ అనగానే ఆ ఇంట్లో ఆశ పుట్టడం తప్పా? అందుకే 'అన్నిటికీ వద్దు' అనడం నా ఉద్దేశం కాదు. అడగకుండా ఊరుకోవద్దు అంటున్నానంతే. కూరగాయల బండి దగ్గర నాలుగు వంకాయలకి పుచ్చు చూసి, తొడిమ చూసి, బేరమాడి తీసుకుంటాం. తరాల తరబడి తాగే నీళ్ళ గురించి ఒక్క ప్రశ్న అడగమా?

ఇంకా దగ్గరికి రానా? 2024 అక్టోబరు 23న మన పక్కనే రామన్నపేటలో అంబుజా సిమెంటు గ్రైండింగ్ యూనిట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. దుమ్ము, నీళ్ళు, పొలాల గురించి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వద్దని గొంతెత్తారు. మోత్కూరు నుంచి బస్సెక్కితే ఎంతసేపు? ఆ రోజు నేనెక్కడున్నాను? ఇంట్లోనే ఉన్నాను. మీకు నీతులు చెప్పే ముందు నా సంగతి ఒప్పుకోవడం మంచిది కదా!

అందుకే ఈసారి అలాంటి ప్రకటన కనబడితే ఏం చెయ్యాలో తెలుసుకుని రాస్తున్నాను. కత్తిరించి వంటింటి తలుపుకి అతికించుకోండి. ఇవన్నీ 2006లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషనులో ఉన్న విషయాలే.

1. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఒకటి మన భాష పేపరులో రావాలి. పేపర్లు రాని చోట డప్పు చాటింపు లాంటివి వేయించాలి. కాబట్టి పేపరు పరిచే ముందు ఒక్కసారి చూడండి.

2. ఆ ప్రాజెక్టు వల్ల గాలికి, నీటికి, నేలకి ఏమవుతుందో రాసిన నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో చూడటానికి ఉంచాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. "మాకు ఇంగ్లీషు రాదు" అని వెనక్కి తగ్గక్కర్లేదు. తెలుగుది ఇమ్మని అడగండి.

3. వచ్చిన ప్రతివారికీ అడిగే అవకాశం ఇవ్వాలి. నలుగురూ కలిసి వెళ్తే ధైర్యంగా ఉంటుంది. మహిళా సంఘం మీటింగులో ముందే మాట్లాడుకుని, ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న పంచుకోండి. నీళ్ళు రోజుకి ఎంత వాడతారు? ఎక్కడి నుంచి తెస్తారు? వాడిన నీళ్ళు ఎటు వదులుతారు? మిగిలిన చెత్త ఎక్కడ పెడతారు? ఎన్ని ఉద్యోగాలు, మా ఊరి పిల్లలకి ఎన్ని? చెడు జరిగితే ఎవరు బాధ్యులు?

4. వేదిక మీద మాట్లాడటానికి మొహమాటమైతే కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. కాలుష్య నియంత్రణ మండలికి ముందే పోస్టులో పంపినా సరే. ఒక నకలు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

5. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు. జరిగినదంతా వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో రాసుకున్నది మన భాషలో చదివి వినిపించాలి. అది వినకుండా ఇంటికి రాకండి. మీరన్న మాట అందులో ఉందో లేదో చూసుకోండి.

ఒక్క సంగతి. ఇది ఓట్ల లెక్క కాదు. అందరూ వద్దన్నా అనుమతి రావచ్చు. ఇంతమందే రావాలన్న నియమమూ లేదు. ఎవరూ రాకపోయినా సేకరణ జరిగిపోయినట్టే! మనం ఇంట్లో కూర్చుంటే, 'అభ్యంతరాలు లేవు' అని రాసుకోవడం ఎవరికైనా తేలికే. అంటే మన మౌనం కూడా ఫైలులోకి వెళ్తుందన్నమాట.

సాయంత్రం ఇదంతా వదినతో చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. కాసేపాగి, "మా అమ్మగారి ఊళ్ళ బోరింగు నీళ్ళకే మా చెల్లె కాళ్ళు వంకర పోయినయ్. అప్పుడు ఎవరన్నా అడిగేదుండె అని ఇప్పుడనిపిస్తది" అంది. ఆమెకి ఒక చెల్లెలుందని తెలుసు కానీ, ఈ సంగతి ఇన్నేళ్ళ పరిచయంలో నాకెప్పుడూ చెప్పలేదు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

వెళ్తూ వెళ్తూ, "ఆ డబ్బా జర పక్కకి జరుపు, ఆ పేపరు మల్లొకసారి చదువు. ఏ ఊరో సరిగ్గ వినలే" అంది.

కందిపప్పు డబ్బా మళ్ళీ దింపాను. ఈసారి ఇద్దరం కలిసి ఆ చీమల బారంతా చివరిదాకా చదివాం.

మీ అరల్లోనూ పాత పేపర్లు ఉండే ఉంటాయి. ఈ శ్రావణంలో దులిపేటప్పుడు ఒకసారి చూడండి. మీ ఊరి దగ్గర ఇలాంటివేమైనా జరిగితే, మీరు వెళ్ళి అడిగి ఉంటే, ఏం అడిగారో, ఏం జవాబొచ్చిందో నాకు రాయండి. ఇరుగు పొరుగు అందరం పంచుకుందాం.

ఉంటాను మరి. వరలక్ష్మీ వ్రతం పూర్ణాలకి శనగపప్పు ముందురోజే ఏరి పెట్టుకోవడం మర్చిపోకండి!